వియ్యపురాలు పలకని పేరు

హిందూపురంలోని ఆ ఇంట్లో పొద్దున్నే పాపకు నీళ్లు పోసే వేళయిందంటే దేవుళ్ల పంచాయితీ మొదలయిందన్నమాటే.

పెరట్లో రాగి అండాలో నీళ్లు కాగుతుండగా సత్యభామ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, పీట మీద కూర్చుని కాళ్లు బారచాపేది. ఆ కాళ్ల మీద నెల కూడా నిండని మనవరాలు. పక్కన చెంబు పట్టుకుని బుజ్జమ్మ. ఆమె సత్యభామకు వియ్యపురాలు, అల్లుడు మహేష్‌కు తల్లి, ధర్మవరంలో మగ్గం మీద పట్టుచీరలు నేసే మనిషి, కాన్పుకు వచ్చి ఇక్కడే ఆగిపోయింది. పసిబిడ్డకు నీళ్లు పోయడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఒకరు బిడ్డను జారిపోకుండా పట్టుకోవాలి, ఇంకొకరు బిడ్డ నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి, కళ్లలో పడకుండా నీళ్లు పోయాలి. ఆ అవసరమే లేకపోతే ఆ ఇద్దరూ అంత దగ్గరగా కూర్చునే మనుషులు కారు.

"మెల్లగ పొయ్యి వదినా. మా నరసింహస్వామి ఇచ్చిన బంగారం ఇది" అంది సత్యభామ, పాప వీపు మీద పెసరపిండి రుద్దుతూ.

"మెల్లగనే పోస్తాండాలే. ప్రభువు ఇచ్చిన బిడ్డను నేనేం తొందరపెట్టను" అంది బుజ్జమ్మ.

"మా స్వామికి మొక్కుకున్నాకనే కదా ఇది నిలిచింది."

"మీ కదిరి సామి సంగతి నాకు తెలీదు వదినా. నేను ప్రార్థన చేసుకున్నా. ఆయన విన్నాడు."

'మీ కదిరి సామి'. సత్యభామకు చుర్రుమనేది అక్కడే. ఈ మనిషి రాముడంటుంది, ఆంజనేయుడంటుంది, పెనుకొండ బాబయ్య దర్గా అంటుంది. నరసింహస్వామి పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోటికి తాళం పడుతుంది. చివరికి రోజూ పాలు పోసే నరసింహప్పను కూడా 'పాలాయన వచ్చినాడు' అంటుందే తప్ప పేరు పెట్టి పిలవదు. తమ ఇలవేల్పు పేరంటే ఇంత చేదా అని సత్యభామ లోలోపల ఉడికిపోయేది. పైకి మాత్రం పాపను బోర్లా తిప్పి, "ఊఁ, పొయ్యి" అనేది.

ఆ ఉడుకుకు మూలం ఇంకోటుంది. అది సత్యభామకు తప్ప ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కాదు, ఇంకొకరికి తెలుసు. ఆ ఇంకొకరు బుజ్జమ్మే కావడం అసలు బాధ.

సత్యభామ కూతురు ప్రత్యూష, మహేష్ పెనుకొండ దగ్గర కార్ల కంపెనీలో పనిచేస్తూ ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. రిజిస్ట్రారు ఆఫీసుకు ప్రత్యూష తండ్రి శేషగిరి వెళ్లొచ్చాడు కాని సత్యభామ గడప దాటలేదు. అల్లుడి ఊరేదో, వాళ్ల నాన్న ఎవరో, ఎప్పుడు పోయాడో ఒక్క ముక్క అడగలేదు. చర్చికి పోయే ఇల్లని మాత్రం తెలుసు, అది చాలనుకుంది. కొత్త దంపతులు పెనుకొండలోనే కాపురం పెట్టారు. ఇటు హిందూపురానికీ అటు ధర్మవరానికీ మధ్యన. కడుపు పండిందని తెలిశాక సత్యభామ కోపం చల్లారింది. పురిటికి కూతుర్ని తెచ్చుకుంది.

ఆ కాన్పు తేలిగ్గా జరగలేదు. బిడ్డ బయటపడింది కాని ఏడవలేదు. ప్రత్యూషకు రక్తం ఆగలేదు. నర్సులు అటూ ఇటూ పరుగెడుతుంటే సత్యభామ ఆసుపత్రి వసారాలో గోడకు చేరబడి, కదిరి నరసింహస్వామికి తెలిసిన మొక్కులన్నీ మొక్కింది. తలనీలాలు, నిలువుదోపిడి, తేరు నాడు పొర్లుదండాలు. మొక్కడానికి ఇంకేమీ మిగల్లేదు. లోపల్నుంచి డాక్టరమ్మ వచ్చి, "మేం చేసేది చేస్తున్నాం, ధైర్యంగా ఉండండమ్మా" అని వెళ్లిపోయింది. అప్పుడే ధర్మవరం నుంచి బుజ్జమ్మ వచ్చింది. మగ్గం మీంచి లేచి వచ్చినట్టుంది, కొంగుకు పట్టుపోగులు అంటుకుని ఉన్నాయి. వచ్చీ రాగానే సత్యభామ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"తండ్రీ, ఈ తల్లి బిడ్డను, ఆ బిడ్డ బిడ్డను నీ చేతిలో పెడతాండాం. మాకు ఎవరూ ల్యారు. నువ్వే చూసుకో" అంది, కళ్లు మూసుకుని.

సత్యభామ నోట్లో తడి లేదు. అయినా ఆ నోట్లోంచే "ఆమెన్" అన్న మాట వచ్చింది. ఎక్కడ విన్నదో, ఎప్పుడు నేర్చుకున్నదో తెలియదు. మనసారా అంది. కొంతసేపటికి లోపల పాప కెవ్వుమంది.

ఆనాటి నుంచి ఆమెకు నిద్ర సరిగా లేదు. పుట్టినప్పటి నుంచి కొలిచిన స్వామిని ఆ ఒక్క ఘడియలో వదిలేసి పరాయి గుమ్మం తొక్కినట్టు అనిపించేది. పోనీ, విన్నది ఎవరు? తాను మొక్కిన స్వామి విని, కాస్త ఆలస్యంగా పలికాడా? లేక ఆ మాట విన్నవాడే పలికాడా? ఈ ప్రశ్న మొదలైతే పూజగదిలో దీపం వెలిగించడానికి కూడా చేతులు వణికేవి. అందుకే రోజూ పొద్దున్నే గట్టిగా, నలుగురికీ వినబడేట్టు, "మా నరసింహస్వామి ఇచ్చిన బిడ్డ" అనేది. వియ్యపురాలికి చెప్పినట్టుండేది కాని, అది తనకు తాను చెప్పుకునే మాట.

ఆ ఆదివారం మహేష్ కూడా పెనుకొండ నుంచి వచ్చాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక శేషగిరి పడక్కుర్చీలో చేరాడు. చింతపండు మండీ మూసిన రోజు ఆయనకు కావలసింది ఒక కునుకు మాత్రమే. సత్యభామ ఆ కునుకు పట్టనివ్వలేదు.

"నామకరణం కదిరిలో పెట్టుకుందాం. ఐదో నెలలో తలనీలాలు కూడా ఆడనే. నేను మొక్కుకున్నా" అంది.

బుజ్జమ్మ వక్క కత్తిరిస్తున్నదల్లా ఆగింది. "మా పాస్టరయ్యకు నేనూ మాట ఇచ్చినా వదినా. బిడ్డను చర్చికి తెచ్చి ప్రార్థన చేయించుకుంటామని. మొదలు ఆడికి తీసకపోదాం, తర్వాత మీ ఇష్టం."

"మొదలు మీదా? తర్వాత మాదా? ఏంటికట్ల?"

"నేను నమ్మిన దేవుడు ఒక్కడే వదినా. దాపరికం ఏముంది. ఆయన ఒక్కడే నిజమని మా పుస్తకంలో ఉండాది. నేనట్లే బతుకుతాండా."

"అయితే మేమంతా తాతముత్తాతల కాలం నుంచి రాళ్లకు మొక్కినామంటావు."

"ఆ మాట నేను అనల్యా."

"అన్నట్లే. ఒకటి నిజమంటే ఇంకోటి అబద్ధమనే కదా అర్థం. కంబం చీల్చుకుని వచ్చి బిడ్డను కాపాడిన దేవుడు మావాడు. పిలిస్తే పలికే దేవుడంటే ఆయనే. ఇంకెవరూ ల్యారు."

"మా ఇంటాయన పోయినప్పుడు నన్ను లేపి కూర్చోబెట్టినాయన నా దేవుడు. ఆయన కాదని నేనెట్ల చెప్పేది వదినా?"

శేషగిరి ఒక కన్ను తెరిచాడు. "కాన్పు చేసింది డాక్టరమ్మ. ఆయమ్మకు కూడా ఒక టెంకాయ కొట్టండమ్మా" అని మళ్లీ కన్ను మూసుకున్నాడు.

మహేష్ నవ్వబోయి అత్తగారి ముఖం చూసి ఆగిపోయాడు. సత్యభామ లేచి నిలబడింది. ఏం మాట్లాడుతున్నదో ఆమెకే తెలియడం లేదు.

"ఆ పొద్దు ఆసుపత్రిలో నా నోట్లో నరసింహస్వామి పేరు తప్ప ఇంకో మాట రాల్యా. ఒక్క మాట రాల్యా. ఆయనే నా బిడ్డను నాకిచ్చినాడు. వినండి అందరూ" అంది.

అన్నాక గాని ఆమెకు గుర్తు రాలేదు. ఎదురుగా బుజ్జమ్మ కూర్చుని ఉంది. అబద్ధమని తెలిసిన మనిషి. ఒక్క మాట చాలు ఆమెకు. 'నువ్వు ఆమెన్ అన్నావు కదా వదినా' అంటే అయిపోయె. వాదం ముగిసె. అల్లుడి ముందు, కూతురి ముందు, కట్టుకున్నవాడి ముందు సత్యభామ తలెత్తుకోలేకపోయేది.

బుజ్జమ్మ ఆమె కళ్లలోకి చూసింది.

"అట్లనే కానీలే వదినా" అంది.

అంతే. ఆ దయను తట్టుకోలేక సత్యభామకు ఇంకా రోషం వచ్చింది. కొందరికి అలాగే ఉంటుంది, కొట్టినా పడతారు గాని వదిలేస్తే ఓర్చుకోలేరు.

"అట్లనే అంటావే గాని ఆ స్వామి పేరు ఒక్కసారన్నా నోరు తెరిచి పలికినావా? కదిరి సామంట. ఆయనకు పేరు ల్యాదా? పలికితే నీ నోరు మైలపడతాదా?"

"అత్తా, అది కాదు, మా అమ్మ ఆ పేరు ఎందుకు..." అంటూ మహేష్ లేచాడు. బుజ్జమ్మ చెయ్యి ఎత్తి అతన్ని ఆపింది. వక్కలు డబ్బాలో వేసి, అడకత్తెరను కొంగుతో తుడిచి పక్కన పెట్టింది. లోపలికి వెళ్లి సంచి సర్దుకుంది. పాప నుదుటి మీద ముద్దు పెట్టి, సాయంత్రం రైలుకు కొడుకును తోడు తీసుకుని వెళ్లిపోయింది.

వాళ్లు వీధి మలుపు తిరిగాక ప్రత్యూష గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. బాలింత ముఖం పాలిపోయి ఉంది.

"అమ్మా, ఆమె ఆ పేరు ఎందుకు పలకదో ఎప్పుడన్నా అడిగినావా?"

"ఏముంది అడిగేదానికి?"

"అడక్కుండానే తిట్టినావు. సరే. నెల నిండినాక నేను పెనుకొండకు పోతా. పాపను కదిరికీ తీసకపోను, చర్చికీ తీసకపోను. మీ ఇద్దరూ ఇట్లనే కొట్లాడుకుంటే నా ఇంటికి రావద్దు. నా బిడ్డ మీ దేవుళ్లకు పందెం కాదు."

కూతురు కోపంతో అరిస్తే సత్యభామా అరిచేది. ప్రత్యూష ఏడుస్తూ చెప్పింది.

మర్నాడు పొద్దున సత్యభామ ఒక్కతే పాపకు నీళ్లు పోసింది. ఒక చేత్తో పట్టుకుని ఒక చేత్తో పోస్తే పిండినీళ్లన్నీ కళ్లలోకి పోయాయి. పాప ఏడ్చి ఏడ్చి ఎర్రబడింది. సాంబ్రాణి పొగ వేద్దామంటే నిప్పులు రాజుకోలేదు. ప్రత్యూష వచ్చి తడిబిడ్డను తువ్వాల్లో చుట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. శేషగిరి మండీకి బయలుదేరుతూ భార్య పక్కన ఒక్క నిమిషం ఆగాడు.

"ఏమే, నీ నోరు నీ కంటే ముందు పోతాది. ఇప్పుడు నువ్వు దాని వెనక పోయి తీసుకురావల్ల" అన్నాడు.

పూజగదిలో దీపం వెలిగించి ఆమె స్వామి పటం ముందు కూర్చుంది. ఇన్నాళ్లూ ఆమెన్ అన్నందుకు భయపడింది. ఇప్పుడు ఆ భయం లేదు. అనలేదని అబద్ధం ఆడిన సంగతే తొలిచేస్తోంది. ఆ అబద్ధం తన స్వామి పేరు మీదే ఆడింది. దీపం కొండెక్కకముందే లేచి, మంచి చీర కట్టుకుని రైల్వే స్టేషనుకు నడిచింది.

రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఏం చెప్పాలో కూడబలుక్కుంది. పెనుకొండ కొండ కనబడ్డాక కూతురి కాపురం గుర్తొచ్చి, కూడబలుక్కున్నదంతా చెదిరిపోయింది. ధర్మవరంలో దిగి ఆటోవాడికి చర్చి సందు అని చెప్పింది. సందు నిండా మగ్గాల చప్పుడు. మహేష్ వాళ్ల ఇల్లు అడిగితే ఎవరో చూపించారు.

తలుపు తీసే ఉంది. బుజ్జమ్మ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. సత్యభామను చూసి లేవబోయింది.

"కూర్చో, కూర్చో. పోగు తెగుతాది" అంది సత్యభామ. తర్వాత గోడల వైపు చూసింది. ఒక గోడకు శిలువ. దాని పక్కన మాసిన ఫోటోలో మీసాలాయన ఒకడు, భుజం మీద కండువాతో. మహేష్ ముక్కు అచ్చం ఆ ముక్కే. ఫోటో కింద తెల్లరంగుతో పేరు రాసి ఉంది. నరసింహులు.

సత్యభామ ఆ అక్షరాలను రెండుసార్లు చదివింది. తాను కాపురానికి వచ్చిన నాటి నుంచి మొగుణ్ని 'ఏమండీ' అనీ, నలుగురిలో 'ప్రత్యూష వాళ్ల నాయన' అనీ తప్ప పిలిచి ఎరగదు. రేషను కార్డు వాళ్లు పేరడిగితే పక్కింటామె చేత చెప్పించింది. అలాంటి తాను ఈ మనిషిని అందరి ముందు నిలబెట్టి, పలుకు అని నిలదీసింది.

"ఏమి వదినా, ఇది చెప్పకూడదా నాకు?" అంది.

బుజ్జమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ గుంటలోంచి పైకి వచ్చింది. "ఆయన పేరు నేనెట్ల చెప్పేది? ఆయన ఉన్నప్పుడే చెప్పల్యా. పోయినాక చెప్తానా? పాలాయనను పిలవాలన్నా నాలిక రాదు నాకు."

"మహేష్ చెప్పబోయినాడు కదా. వాణ్నెందుకు ఆపినావు?"

"ఆ కోపంలో ఏం చెప్పినా నేను గెలిచినట్లవుతాది. నువ్వు ఓడినట్లవుతాది. మా ఇంటాయన పేరు దానికి వాడుకునేదా?" ఆమె ఫోటో వైపు చూసింది. "మా అత్తకు బిడ్డలు నిలవకపోతే కదిరి తేరుకు మొక్కుకున్నాదంట. అప్పుడు పుట్టినాడు. తర్వాతెప్పుడో మేమంతా చర్చికి పోబట్నాం. పేరు మార్చుకోమన్నారు. ఆయనేమో, మా యమ్మ మొక్కుకుని పెట్టిన పేరు, ఉండనీ అన్నాడు. మీ సామి ఇచ్చినాడని మా అత్త చచ్చేదాకా నమ్మింది. నా ప్రభువే నాకిచ్చినాడని నేను నమ్ముతాండా. ఎవరిచ్చినా వదినా, నాకు మంచోడు దొరికినాడు."

సత్యభామ నేల మీదే కూలబడింది. ఇంక ఆపుకోలేకపోయింది. "ఇంకోటి కూడా ఉండాది. నిన్న నేను అబద్ధం ఆడినా. నీకు తెలుసు. ఆసుపత్రిలో నేను ఆమెన్ అన్నా."

"అన్నావు."

"ఆ ఒక్క మాట చెప్పింటే నీ దేవుడు గెలిచి ఉండేవాడు."

బుజ్జమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆసుపత్రిలో లాగే రెండు చేతులూ పట్టుకుంది. "అది నువ్వు ఆ కష్టంలో దేవుడితో చెప్పుకున్న మాట. నేను పక్కన ఉండి విన్నా, అంతే. దాన్ని ఎత్తుకొచ్చి నీ మొగుడి ముందర నీ మీదికి విసురుతానా? అట్లా గెలిచే దేవుడు నాకొద్దు వదినా."

సత్యభామ ఆ చేతుల్లో ముఖం పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. కూతురు బతికినందుకు, మనవరాలు కెవ్వుమన్నందుకు ఆనాడు ఏడవాల్సిన ఏడుపు అది. వాదాల్లో పడి అప్పటిదాకా ఏడవనే లేదు. ఇంత మంచి మనిషిని తన కూతురికి అత్తగా ఇచ్చిన దేవుడికి ఏ గుళ్లో దండం పెట్టాలో తెలియలేదు, అందుకని ఆ చేతులకే కళ్లద్దుకుంది.

"నేనింకా నా దేవుడే నిజమంటా. అది మాననులే" అంది బుజ్జమ్మ, ఆమె వీపు నిమురుతూ.

"నేను మాత్రం మానతానా?" అంది సత్యభామ ముక్కు చీదుకుంటూ. "సంచి సర్దు. పొద్దున ఒక్కదాన్నే నీళ్లు పోస్తే బిడ్డ కండ్లన్నీ మంట పుట్టినాయి. రేపు నువ్వు లేకపోతే కాదు."

సాయంత్రం ఇద్దరూ కలిసి గుమ్మంలో దిగేసరికి ప్రత్యూష పాపతో వసారాలో ఉంది. ఇద్దర్నీ చూసి లేచి నిలబడింది. అడగకముందే సత్యభామే చెప్పింది. భర్త వింటుండగా, ఆసుపత్రిలో అన్న మాట, ఆదివారం నాడు ఆడిన అబద్ధం రెండూ చెప్పింది.

"ఆ పొద్దు నేను అన్ని దేవుళ్లనూ పిలిచినాలే" అన్నాడు శేషగిరి. "బాబయ్యను కూడా వదల్ల. ఎవరూ అడగలేదని చెప్పలేదు."

ప్రత్యూష నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో వినబడిన నవ్వు. "కదిరికి పోదాం, చర్చికీ పోదాం. ఏది ముందనే పంచాయితీ మీ ఇద్దరూ పెనుకొండకు వచ్చి నా ఇంట్లోనే తేల్చుకోండి. టీ నేను పెడతా" అంది.

మర్నాడు పొద్దున పాపకు నీళ్లు పోశారు. ఒక్క చుక్క కళ్లలో పడలేదు. సాంబ్రాణి పొగకు పాప సగం నిద్రలో పెదవులు చప్పరించింది.

"ఇప్పుడు చెప్పు వదినా, ఎవరిచ్చినారు ఈ బంగారాన్ని?" అంది సత్యభామ, పాప బుగ్గ మీద దిష్టిచుక్క పెడుతూ.

"ప్రభువే. నువ్వెన్నిసార్లు అడిగినా అంతే. కాకపోతే మా ఇంటాయన పేరున్న సామి కూడా ఆ పక్కనే నిలబడి చూస్తాండాడేమో, నాకేం తెలుసు" అంది బుజ్జమ్మ.

పాపను బుజ్జమ్మ చేతికిచ్చి సత్యభామ పూజగదిలోకి వెళ్లింది. చేతులు వణకలేదు. వత్తి ఎగదోసి, పటం ముందు చేతులు జోడించింది. ఏమీ అడగాలనిపించలేదు. కొత్త మొక్కులేవీ నోటికి రాలేదు.

"తండ్రీ, ఇచ్చినావు. చల్లగా చూస్తాండావు. నీకు శతకోటి దండాలు" అంది, కాస్త పైకే.

గుమ్మం అవతల పాపను భుజాన వేసుకుని జోకొడుతున్న బుజ్జమ్మ, ఆ మాట చెవిన పడగానే అలవాటుగా, "ఆమెన్" అంది.

అని, నాలుక కరుచుకుంది.

సత్యభామ వెనక్కి తిరగలేదు. కళ్లు నిండిపోయి ఎదురుగా ఉన్న దీపం కూడా సరిగా కనబడడం లేదు. "పాలవేళయింది వదినా, పాపను వాళ్లమ్మకు ఇయ్యి. నేను మనిద్దరికీ కాఫీ కలుపుతా" అంది.